లిబ్రేక్యాడ్: అక్షరాలు చేతికి చిక్కాయి, షీటు చిక్కలేదు

క్యాడ్ సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్‌లో డ్రాయింగులు వేసే ప్రోగ్రాము కాబట్టి గీతలు గీస్తుంది, వృత్తాలు గీస్తుంది. దాని గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఇక్కడ రాస్తున్నది లిబ్రేక్యాడ్ అనే ఉచిత క్యాడ్ ప్రోగ్రాములో ఫాంట్లు (అక్షరాల ఆకారాలు), టెంప్లేట్లు (కొత్త డ్రాయింగుకు మొదలుగా వాడే నమూనా ఫైళ్లు) ఎలా నడుస్తాయన్న సంగతి మాత్రమే. డ్రాయింగు పని మీద బతికేవాళ్లకు తలనొప్పి తెచ్చేవి ఎక్కువగా ఈ రెండే. గోడ గీత ఏ కంప్యూటర్‌లో తెరిచినా గోడలాగే కనిపిస్తుంది. గోడ పక్కన రాసిన కొలతకు ఆ హామీ లేదు.

ఖమ్మంలో మాది రెండు కంప్యూటర్ల ఆఫీసు. ఇళ్ల ప్లాన్లు, గ్రానైటు పాలిషింగ్ షెడ్లు, అప్పుడప్పుడు ఏదైనా ఫంక్షన్ హాలు. ఒక కంప్యూటర్‌లో ఆటోక్యాడ్ ఉంది, దానికి ఏటా చందా కడుతున్నాం. ఒకసారి డబ్బు కట్టి ఎప్పటికీ వాడుకునే లైసెన్సులు అమ్మడం 2016 మొదట్లోనే ఆ కంపెనీ ఆపేసింది కాబట్టి వేరే దారి లేదు. రెండో కంప్యూటర్ మీద డిప్లొమా పూర్తిచేసిన అబ్బాయి పని నేర్చుకుంటున్నాడు. ఆ బల్లకు కూడా చందా కట్టడానికి చెయ్యి రాలేదు. లిబ్రేక్యాడ్ వేశాను, 2.2 వరసలోది. పైసా ఖర్చు లేదు, పాత కంప్యూటర్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. 2డీ మాత్రమే. క్యూక్యాడ్ కమ్యూనిటీ ఎడిషన్ అనే పాత ప్రోగ్రామును తీసుకుని 2010లో క్యాడుంటు పేరుతో మొదలుపెట్టిన పని ఇది, తర్వాత ఈ పేరుతో స్థిరపడింది.

ఫాంట్ల మీద నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, డ్రాయింగు ఫైలు తన అక్షరాలను తాను మోసుకుపోదు. అందులో ఉండేది రాసిన మాట, దాని ఎత్తు, వాడిన ఫాంటు పేరు. అక్షరం ఆకారం మాత్రం తెరిచే కంప్యూటర్‌లో ఉండాలి. లేకపోతే అది తన దగ్గరున్న ఇంకేదో ఫాంటు తగిలిస్తుంది. ఆ ఫాంటులో ఏదైనా గుర్తు లేకపోతే దాని చోట ప్రశ్నార్థకం వస్తుంది. ఒకసారి వేరే ఆఫీసు నుంచి వచ్చిన స్లాబు డ్రాయింగును ప్రింటు తీసి సైటుకు పంపారు. చువ్వల మేస్త్రి ఫోన్ చేసి "సార్, పన్నెండు పక్కన ప్రశ్న గుర్తు ఉంది, నన్నేమైనా అడుగుతున్నారా?" అన్నాడు. అది వ్యాసం (డయామీటర్) గుర్తు. చువ్వ పన్నెండు మిల్లీమీటర్లదని అతనికి తెలియక కాదు, ఎగతాళికి అడిగాడు. కానీ అన్ని సైట్లలోనూ అలా ఫోన్ చేసే మేస్త్రులు ఉండరు.

ఆటోక్యాడ్‌లో దీనికి ఏర్పాట్లు లేకపోలేదు. దొరకని ఎస్‌హెచ్‌ఎక్స్ (ఆటోక్యాడ్ సొంత రకం) ఫాంటు ఉంటే తెరిచేటప్పుడే అడుగుతుంది, ప్రత్యామ్నాయం చూపించమంటుంది. ఫాంట్‌ఆల్ట్ అనే సెట్టింగులో ఏ ఫాంటు పెడితే దాన్ని వాడుకుంటుంది, మనం ముట్టుకోకపోతే అది సింప్లెక్స్ అనే ఫాంటు. ఈట్రాన్స్‌మిట్ కమాండుతో డ్రాయింగును, దానికి కావలసిన ఫాంట్లను కలిపి ఒకే మూటగా కట్టి పంపవచ్చు. ఇవన్నీ ఉన్నాయి, వాడేవాళ్లే తక్కువ. ఫైలును వాట్సాప్‌లో పడేసి "చూసుకోండి" అనడమే అలవాటు.

లిబ్రేక్యాడ్ దారి వేరు. ఇది విండోస్‌లో ఉన్న ఫాంట్ల జోలికే పోదు. ఏరియల్ లేదు, టైమ్స్ లేదు. దానికి సొంతంగా ఎల్‌ఎఫ్‌ఎఫ్ అనే రకం ఫాంట్లు ఉన్నాయి, అవి మాత్రమే జాబితాలో కనిపిస్తాయి. మొదట చూసినవాళ్లు ఇదేమి దరిద్రం అనుకుంటారు. మా అబ్బాయి కూడా ముఖం అదోలా పెట్టాడు. అయితే ఈ ఫాంట్లు చాలావరకు ఒంటి గీతతో ఏర్పడినవి. కలంతో రాసినట్టు ప్రతి అక్షరం కొన్ని గీతలు, కొన్ని వంపులు. చిన్న ఎత్తులో ప్రింటు తీసినా అలుక్కుపోదు. గీత మందం లేయరును (గీతల్ని రకాలవారీగా విడదీసి పెట్టుకునే పొరను) బట్టి మారుతుంది. డ్రాయింగుకు కావలసింది అలాంటి అక్షరమే.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. ఎల్‌ఎఫ్‌ఎఫ్ ఫాంటు మామూలు టెక్స్టు ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవవచ్చు. పైన కొన్ని వరుసల్లో ఫాంటు పేరు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం, మాటకూ మాటకూ మధ్య ఎడం లాంటివి ఉంటాయి. కింద ఒక్కో అక్షరానికి చదరపు బ్రాకెట్లలో దాని యూనికోడ్ సంఖ్య (ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరానికి ఉండే ఒకే సంఖ్య), ఆ తర్వాత వరుసకు ఒక గీత చొప్పున బిందువుల కొలతలు. పెద్ద అక్షరాల ఎత్తు 9 యూనిట్లు. ఇంగ్లీషు మొదటి అక్షరమైతే ఒక వరుసలో కింద ఎడమ మూల, పైన కొన, కింద కుడి మూల, రెండో వరుసలో అడ్డగీత. అంతే, అక్షరం అయిపోయింది. ఆటోక్యాడ్ ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు తయారుచేయాలంటే పదహారు దిక్కులకు పదహారు కోడ్లు గుర్తుపెట్టుకుని, ఎస్‌హెచ్‌పీ ఫైలు రాసి, దాన్ని కంపైల్ చేయాలి, అంటే ప్రోగ్రాముకు అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. ఆ పని చేసినవాళ్లను నేను ఒకరిద్దరినే చూశాను.

మా ఆఫీసు ఫాంటు ఒక పాత ఫాంటుకు నకలు. అందులో రూపాయి గుర్తు లేదు. ఆ గుర్తు పుట్టిందే 2010లో కాబట్టి పాత ఫాంట్లలో లేకపోవడం వింతేమీ కాదు. షెడ్ల డ్రాయింగుల్లో ఒక పక్కన అంచనా ఖర్చు పట్టిక వేయడం మా దగ్గర మామూలు, అక్కడ ₹ కావాలి. నోట్‌ప్యాడ్‌లో ఫాంటు తెరిచాను. దాని యూనికోడ్ సంఖ్య 20బి9, అది బ్రాకెట్లో రాశాను. పై అడ్డగీత 0,9 నుంచి 6,9కి (మొదటి అంకె అడ్డం కొలత, రెండోది ఎత్తు). రెండో అడ్డగీత 0,7 నుంచి 6,7కి. మూడో వరుసలో 2,9 దగ్గర మొదలై కుడివైపు పొట్ట తిరిగి 2,5కి వచ్చి, అక్కడి నుంచి ఎడమకు 0,5కి వెళ్లి, ఏటవాలుగా 5,0కి దిగే కాలు. పొట్టకు అర్ధవృత్తం కావాలి, దానికి వంపు కొలత 1. గడియారం ముల్లు తిరిగే దిక్కు కాబట్టి ముందు మైనస్. ఫైలు సేవ్ చేసి, ప్రోగ్రామును మూసి మళ్లీ తెరిస్తే గుర్తు వచ్చేసింది. ఒకసారి చదువుకున్న ఫాంటు ఫైలును నడుస్తుండగా మళ్లీ చదవదు కాబట్టి మూసి తెరవడం తప్పదు.

అంకెలతో కుస్తీ వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఎల్‌ఎఫ్‌ఎఫ్ ఫైలును లిబ్రేక్యాడ్‌లోనే డ్రాయింగులాగా తెరవవచ్చు. ఒక్కో అక్షరం ఒక్కో బ్లాకుగా (కలిపి కట్టిన గీతల గుంపుగా) కనిపిస్తుంది. బ్లాకు ఎడిట్ చేసి, మళ్లీ ఫాంటుగా సేవ్ చేసుకోవచ్చు. మా అబ్బాయి ఒకటి అంకెను, ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరాన్ని తేడా తెలిసేలా మార్చింది ఇలాగే. పాలిటెక్నిక్‌లో ఎస్‌పీ 46 అనే డ్రాయింగు ప్రమాణాల పుస్తకం చూసి డ్రాయింగు షీటు మీద చేత్తో అక్షరాలు దిద్దిన పిల్లలకు ఈ పని బాగా పడుతుంది. అప్పుడు మిల్లీమీటర్లలో 2.5, 3.5, 5, 7 అని బట్టీ పట్టిన ఎత్తులు ఎందుకో ఇక్కడ అర్థమవుతాయి. ఒక్కో మెట్టుకు ఎత్తు రెండు వర్గమూలం రెట్లు పెరుగుతుంది. ఏ3 షీటును ఏ2కి పెంచితే 2.5 ఎత్తు అక్షరం సరిగ్గా 3.5 దగ్గరికి వస్తుంది.

ఒక జాగ్రత్త. మార్చిన ఫాంట్లను ప్రోగ్రాము ఫోల్డరులో ఉంచకండి. కొత్త వెర్షన్ వేసుకున్నప్పుడు అవి చెరిగిపోయే ప్రమాదం ఉంది. అప్లికేషన్ ప్రిఫరెన్సెస్‌లో పాత్స్ అనే పేజీలో ఫాంట్లకు, హ్యాచ్‌లకు (లోపల నింపే గీతల నమూనాలకు), పార్ట్ లైబ్రరీకి (మళ్లీ మళ్లీ వాడే బొమ్మల గూటికి), టెంప్లేటుకు వేర్వేరు గడులున్నాయి. అన్నింటికీ మన ఫోల్డరు దారి ఇచ్చుకోవాలి. ఆ ఒక్క ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఆఫీసు మొత్తం జేబులో ఉన్నట్టే.

మరి ఏరియల్ లాంటి టీటీఎఫ్ రకం ఫాంటే కావాలంటే? ప్రోగ్రాముతో పాటు టీటీఎఫ్2ఎల్‌ఎఫ్‌ఎఫ్ అనే చిన్న పనిముట్టు ఉంది. కమాండు రాసి నడపాలి. మార్చాక వచ్చేది అక్షరం అంచు గీత మాత్రమే, లోపల నింపు ఉండదు. శీర్షికకు బోలు అక్షరాలు కొంత అందంగానే ఉంటాయి. కొలతలకు వాడితే కళ్లు నొప్పి పుడతాయి.

తెలుగు విషయానికి వస్తే నా మార్కులు సున్నా. ఎల్‌ఎఫ్‌ఎఫ్‌లో ఒక్కో యూనికోడ్ సంఖ్యకు ఒక్కో ఆకారం. తెలుగు అలా నడవదు. "తూర్పు" అన్న మాటలో త, కొమ్ము దీర్ఘం, ర, పొల్లు, ప, కొమ్ము అని ఆరు సంఖ్యలుంటాయి. తెర మీద కావలసింది "తూ", దాని పక్కన "ర"కు కొమ్ము, కింద పావత్తు. వత్తులకు విడిగా యూనికోడ్ సంఖ్యలు లేవు కాబట్టి ఈ ఫాంటు ఫైలులో వాటికి కూర్చునే చోటే లేదు. తెలుగు ఫాంటును మార్చి తెచ్చుకున్నా పొల్లు ఒకచోట, కొమ్ము ఒకచోట తేలిపోతాయి. ఇంటి యజమానికి చూపించే ప్లానులో "పూజ గది", "వంటిల్లు" అని తెలుగులో రాస్తే ఆ ఇంటి పెద్దావిడ కూడా చదువుకుని "కిటికీ ఇటు పెట్టు బాబూ" అంటుంది. ఆ సౌకర్యం ఇందులో నేరుగా లేదు.

చుట్టుదారి ఉంది, నేను వాడుతున్నాను. ఇంక్‌స్కేప్ కూడా ఉచితమే, దానికి తెలుగు వత్తులు బాగా వచ్చు. అందులో మండలి ఫాంటుతో గదుల పేర్లు, రామభద్రతో శీర్షిక రాసుకుంటాను. ఈ రెండు ఫాంట్లూ స్వేచ్ఛగా వాడుకోవడానికి దొరుకుతాయి. రాసిన దాన్ని పాత్‌గా (గీతలుగా) మార్చి, డీఎక్స్‌ఎఫ్ ఆర్14గా (క్యాడ్ ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకునే డ్రాయింగు ఫైలు రకం) సేవ్ చేసి, లిబ్రేక్యాడ్ పార్ట్ లైబ్రరీలో వేసుకున్నాను. "పడక గది" కావాలంటే లైబ్రరీలో రెండుసార్లు నొక్కితే చాలు. గదుల పేర్లు ఎన్ని ప్లాన్లు వేసినా అవే కాబట్టి ఒక పూట కూర్చుంటే తీరిపోయే పని. యజమాని పేరు, ఊరి పేరు మాత్రం ప్రతిసారీ కొత్తగా చేయాలి. శిలాఫలకాలు చెక్కేవాళ్లకు కూడా ఈ దారే చెప్పాను. చెక్కే యంత్రానికి కావలసింది గీతలే, ఫాంటు పేరుతో దానికి పనిలేదు.

టెంప్లేట్ల దగ్గర లిబ్రేక్యాడ్ సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఇక్కడ టెంప్లేటు అంటే ప్రత్యేకమైన ఫైలేమీ కాదు, మామూలు డీఎక్స్‌ఎఫ్. లేయర్లు, వాటి రంగులు, యూనిట్లు, కొలతల సెట్టింగులు, బ్లాకులు పెట్టుకుని సేవ్ చేసి, పాత్స్ పేజీలో దాని దారి ఇస్తే, కొత్త డ్రాయింగు తెరిచినప్పుడల్లా అవే వస్తాయి. వేరే టెంప్లేటు కావాలంటే న్యూ ఫ్రమ్ టెంప్లేట్ ఉంది. సరళంగా ఉంది, చెడిపోయేది ఏమీ లేదు.

చిక్కు షీటుతో వస్తుంది. ఆటోక్యాడ్‌లో మోడల్ వేరు, లేఅవుట్ వేరు. ఇల్లు అసలు కొలతల్లో ఒకచోట ఉంటుంది, షీటు కాగితం కొలతల్లో ఇంకోచోట ఉంటుంది, కిటికీలోంచి చూసినట్టు కావలసిన స్కేలులో చూపించుకుంటాం. 2008 వెర్షన్ నుంచి అక్షరాలే స్కేలును బట్టి ఎత్తు మార్చుకుంటున్నాయి. లిబ్రేక్యాడ్ 2.2లో లేఅవుట్ లేదు. ఇల్లూ షీటూ ఒకే చోట ఉండాలి. 1:100లో ఏ3 మీద ప్రింటు రావాలంటే 420, 297 ఉండే చట్రాన్ని 42000, 29700గా గీయాలి. కాగితం మీద 2.5 ఎత్తు కావలసిన అక్షరాన్ని 250 ఎత్తుతో రాయాలి. అదే షీటు 1:50కి మారితే 125. కొలత గీతలకు జనరల్ స్కేల్ అని ఒక గడి ఉంది, అందులో 100 వేస్తే బాణం, అంకె, ఎడం అన్నీ కలిసి పెరుగుతాయి. మామూలు అక్షరాలకు ఆ సదుపాయం లేదు.

ఒకే షీటు మీద 1:100లో ప్లాను, 1:20లో మెట్ల డిటెయిల్ వేయాలంటే డిటెయిల్‌ను అయిదు రెట్లు పెంచి గీయాలి, దాని కొలతల్ని మళ్లీ సరిచూసుకోవాలి. ఎడమ చేత్తో అన్నం తిన్నట్టుంటుంది, కడుపు నిండదని కాదు.

దీనికి మా ఆఫీసులో కుదిరిన పద్ధతి చెబుతాను. స్కేలుకు ఒక టెంప్లేటు: 50కి ఒకటి, 100కి ఒకటి, 200కి ఒకటి. వాటిలో తేడా జనరల్ స్కేల్, నమూనా అక్షరాల ఎత్తులు మాత్రమే. టైటిల్ బ్లాక్ (యజమాని పేరు, షీటు నంబరు, తేదీ ఉండే షీటు చట్రం) మాత్రం టెంప్లేటులో పెట్టలేదు. అసలు కాగితం కొలతలో ఒకటే గీసి లైబ్రరీలో ఉంచాను. అక్కడి నుంచి తెచ్చేటప్పుడు పైన ఫ్యాక్టర్ అని అడుగుతుంది, 100 వేస్తే చట్రం, లోపలి అక్షరాలు కలిసి పెరుగుతాయి. ఆఫీసు ఫోన్ నంబరు మారితే ఒక్క ఫైలులో మార్చితే చాలు, మూడు టెంప్లేట్లు తిరగేయక్కర్లేదు.

అయితే బ్లాకులో ఆట్రిబ్యూట్లు పెట్టుకునే వీలు లేదు. ఆటోక్యాడ్‌లో టైటిల్ బ్లాక్ వేస్తుంటే యజమాని పేరు, షీటు నంబరు, తేదీ అని అదే అడిగి గడుల్లో నింపుతుంది. ఇక్కడ బ్లాకును ఎక్స్‌ప్లోడ్ చేసి (విడగొట్టి), ఒక్కో అక్షరాన్నీ నొక్కి మార్చుకోవాలి. మార్చవలసిన అక్షరాలన్నింటినీ ఎర్ర రంగు లేయరులో పెట్టించాను. ఎరుపు కనిపిస్తున్నంతసేపు షీటు పూర్తికానట్టు. మార్చాక వాటిని నల్ల లేయరుకు పంపాలి. ఇలాంటి ఏర్పాటు లేకపోతే పాత యజమాని పేరుతో కొత్త ఇంటి ప్లాను బయటికి పోవడం ఖాయం.

టెక్స్టు స్టైల్ అనే ఊహ కూడా ఇందులో పలచన. ఆటోక్యాడ్‌లో "గది పేర్లు" అని ఒక స్టైల్ పెట్టుకుని, రేపు దాని ఫాంటు మార్చితే డ్రాయింగు మొత్తం మారిపోతుంది. ఇక్కడ స్టైల్ అంటే ఫాంటు పేరే. అందుకని నేను తిరకాసు పని ఒకటి చేశాను. మా ఫాంటుకే రెండు నకళ్లు తీసి, ఒకదానికి గదుల పేరు, ఇంకోదానికి నోట్సు పేరు పెట్టాను. గదుల అక్షరాలు మార్చాలనిపిస్తే ఫాంటు ఫైలునే మార్చేస్తాను, పాత డ్రాయింగులు కూడా వాటంతటవే మారతాయి. పాతవి మారకూడదనుకునేవాళ్లు ఇలా చేయకండి.

బయటివాళ్లకు పంపడం చివరి మాట, ఇదే ముఖ్యమైనది కూడా. లిబ్రేక్యాడ్ ఆటోక్యాడ్ ఫైలు రకమైన డీడబ్ల్యూజీని చాలావరకు చదువుతుంది, అన్నింటినీ కాదు. సేవ్ చేసేది మాత్రం డీఎక్స్‌ఎఫ్‌గానే. ఆ డీఎక్స్‌ఎఫ్‌ను ఆటోక్యాడ్ ఉన్న ఆఫీసుకు పంపితే మన ఎల్‌ఎఫ్‌ఎఫ్ ఫాంటు అక్కడ ఉండదు, వాళ్ల కంప్యూటర్ వేరే ఫాంటు వేస్తుంది, వెడల్పు తేడా వచ్చి పట్టికలో అక్షరాలు గడి దాటుతాయి. ప్రింటు మాత్రమే కావలసినవాళ్లకు పీడీఎఫ్ ఇస్తే ఏ గొడవా లేదు. అందులో అక్షరాలు గీతలుగా మారిపోతాయి కాబట్టి ఏ ఊళ్లో ఏ షాపులో తెరిచినా వెంట్రుకవాసి తేడా రాదు. కాకపోతే ఆ పీడీఎఫ్‌లో ఒక మాటను వెతికితే దొరకదు. డీఎక్స్‌ఎఫే కావాలని పట్టుబడితే, ఎక్స్‌ప్లోడ్ టెక్స్ట్ ఇంటు లెటర్స్ కమాండుతో అక్షరాలుగా విడగొట్టి, మళ్లీ ఎక్స్‌ప్లోడ్ చేసి గీతలుగా మార్చి పంపవచ్చు. ముందు అసలు ఫైలును వేరే పేరుతో దాచుకోండి. గీతలైపోయిన అక్షరాన్ని తిరిగి దిద్దలేం.

ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతికి పెట్టే డ్రాయింగులు మాత్రం నేను ఆటోక్యాడ్ ఉన్న బల్ల మీదే చేస్తున్నాను. అక్కడ లేయర్ల పేర్లు వాళ్లు చెప్పినట్టే ఉండాలి, వాటిని చదివి సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ), విస్తీర్ణం లెక్కవేసేది కంప్యూటరే. దాంతో ప్రయోగాలు చేసే ఓపిక నాకు లేదు, దరఖాస్తుదారుకు అసలే ఉండదు.

ఈ లెక్కన నా మార్కులు ఇవి. ఫాంట్లకు పదికి ఎనిమిది, ఆ రెండూ తగ్గించింది టెక్స్టు స్టైళ్లు లేనందుకు. తెలుగుకు సున్నా అని ముందే చెప్పాను. టెంప్లేట్లకు అయిదు. ఒంటరిగా పనిచేసి పీడీఎఫ్‌లు ఇచ్చే డ్రాఫ్ట్స్‌మన్‌కు, కటింగ్ యంత్రానికి డిజైన్లు చేసేవాళ్లకు, నేర్చుకునే పిల్లలకు సందేహం లేకుండా వేసుకోమంటాను. రోజూ నాలుగు ఆఫీసులతో డీడబ్ల్యూజీలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లకు వద్దంటాను. షీట్లు ఎక్కువగా ఉండే స్ట్రక్చరల్ పనికి కూడా లేఅవుట్ లేకుండా కష్టమే. లేఅవుట్లు, ఆట్రిబ్యూట్లు రెండూ వచ్చిన వెర్షన్ ఏదైనా విడుదలైతే ఆటోక్యాడ్ చందా సంగతి అప్పుడు ఆలోచిస్తాను. ఈ ఏటికి మాత్రం కట్టేశాను.